బైబిలు తెరిచే ముందు: ఎందుకు చదువుతున్నామో తేల్చుకుని చదవడం ఎలా?

యోహాను సువార్త 5వ అధ్యాయంలో ప్రభువైన యేసు కొందరితో మాట్లాడుతున్నాడు. వాళ్లు లేఖనాలు తెలియనివాళ్లు కారు. ధర్మశాస్త్రాన్ని ఏళ్ల తరబడి చదివినవాళ్లు, ఒక్కో మాటనూ పట్టి పరిశోధించినవాళ్లు. వాళ్లతో ఆయన అన్నది ఇది: "లేఖనములయందు మీకు నిత్యజీవము కలదని తలంచుచు వాటిని పరిశోధించుచున్నారు, అవే నన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నవి. అయితే మీకు జీవము కలుగునట్లు మీరు నాయొద్దకు రానొల్లరు."

చదవడం లేదని ఆయన వాళ్లను తప్పుపట్టలేదు. అంత చదివీ తన దగ్గరికి రాలేదన్నదే ఆయన బాధ.

ఈ మాట నాకు గుచ్చుకున్నది నేను ఒక ఏడాదిలో బైబిలంతా పూర్తి చేశాకే. మొత్తం 66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు చొప్పున చదివితే ఏడాదిలో అయిపోతాయి. ఒక పట్టిక రాసి పెట్టుకుని, చదివిన ప్రతి అధ్యాయానికీ టిక్కు పెడుతూ వచ్చాను. డిసెంబరు చివర్లో ప్రకటన గ్రంథం ముగించిన రోజు రాత్రి, ఒక చిన్న విషయానికి ఇంట్లోవాళ్ల మీద గట్టిగా అరిచేశాను. అరిచాక ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. నా ఎదురుగా బల్ల మీద టిక్కులతో నిండిన ఆ కాగితం ఉంది. పొద్దున ఏం చదివానో గుర్తు చేసుకుందామని చూస్తే ఒక్క వచనం కూడా మనసులోకి రాలేదు. పట్టికలో తప్పేమీ లేదు, ఇప్పటికీ అలాంటిదే వాడుతున్నాను. కానీ ఆ ఏడాదంతా నేను బైబిలు తెరిచింది టిక్కు కోసం. కోరుకున్నదే నాకు దక్కింది.

కాబట్టి రోజుకు ఎన్ని అధ్యాయాలు, ఏ సమయంలో, ఏ అనువాదం అన్న ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టండి. అవన్నీ తర్వాత సర్దుకుంటాయి.

ముందుగా, మీ ఉద్దేశాన్ని బయటికి తీయండి

రేపు బైబిలు తెరిచే ముందు ఒక్క నిమిషం ఆగి, కాగితం మీద ఈ వాక్యం పూర్తి చేయండి: "ఈ రోజు నేను బైబిలు తెరుస్తున్నది దేనికంటే..." మనసులో ఉన్నదే రాయండి. ఎవరికీ చూపించాల్సిన పని లేదు. వారం రోజులు రాస్తే మీ గురించి మీకే ఒక సంగతి తెలిసివస్తుంది.

కొందరు భయంతో తెరుస్తారు. చదవకుండా బయటికి వెళ్తే ఏదైనా కీడు జరుగుతుందేమోనన్న భయం అది. అలా చదివితే వాక్యం తాయెత్తులా మారిపోతుంది. చదివామన్న ధీమా మిగులుతుంది తప్ప, ఏం విన్నామన్నది మిగలదు. కొందరు ఇంకొకరికి చెప్పడానికే తెరుస్తారు. సంఘంలో పరిచర్య చేసేవాళ్లకు, సండే స్కూల్లో పిల్లలకు చెప్పేవాళ్లకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ప్రతి వచనమూ ప్రసంగంలో ఒక పాయింటుగానే కనిపిస్తుంది, తనతో మాట్లాడే మాటగా కనిపించదు. మీరు అలాంటి బాధ్యతలో ఉంటే, ఆదివారం చెప్పబోయే భాగం ఒకటీ, మీ కోసం చదువుకునే భాగం ఇంకొకటీ పెట్టుకోండి. కనీసం కొన్నాళ్లయినా ఈ రెండూ కలవనివ్వకండి.

ఇంకొందరు వాదన గెలవడానికి చదువుతారు. ఈ ఉద్దేశం గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే పైకి ఇది భక్తిలాగే ఉంటుంది. మత్తయి 4వ అధ్యాయంలో అపవాది, అంటే సాతాను, ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి వాక్యం ఎత్తి చూపిస్తాడు. అతడు చెప్పింది కల్పించిన మాట కాదు, 91వ కీర్తన 11, 12 వచనాలు. కానీ కీర్తనలో ఉన్న "నీ మార్గములన్నిటిలో" అన్న మాటను వదిలేశాడు. దేవుని మీద నమ్మకంతో నడిచేవాడికి ఇచ్చిన వాగ్దానాన్ని దేవుణ్ణి పరీక్షించడానికి సాధనంగా తిప్పాడు. ప్రభువు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు. ఇద్దరి నోటా లేఖనమే ఉంది. ఒకరు లోబడడానికి పలికారు, ఒకరు పడగొట్టడానికి. మనం ఎవరినో నోరెత్తకుండా చేయాలని వచనాలు వెతుకుతున్నప్పుడు ఈ రెండింటిలో ఎటువైపు ఉన్నామో చూసుకోవాలి. "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును" అని పౌలు కొరింథీయులకు రాసింది ఇలాంటి తెలివి గురించే.

కళ్లు మూసుకుని ఏదో ఒక పేజీ తెరిచి, వేలు పెట్టిన చోట ఉన్న వచనాన్ని ఆ రోజు దేవుడిచ్చిన మాటగా తీసుకునేవాళ్లూ ఉన్నారు. దేవుడు దయగలవాడు, అలా తెరిచినవాళ్లను కూడా ఆదరించి ఉండవచ్చు. అయినా దాన్ని పద్ధతిగా పెట్టుకోవద్దు. నాన్న రాసిన ఉత్తరం వస్తే మధ్యలో ఒక వాక్యం చదివి మడిచి పెట్టేస్తామా?

మీ కాగితం మీద ఇలాంటి ఉద్దేశం ఏదైనా కనబడితే సిగ్గుపడి బైబిలు మూసేయకండి. ఉన్నది ఉన్నట్టు ప్రభువుకు చెప్పండి. "ప్రభువా, ఈ రోజు అలవాటుకొద్దీ కూర్చున్నాను, నీ మీద ఆశ లేదు, ఆ ఆశ కూడా నువ్వే పుట్టించు" అన్నది నిజమైన ప్రార్థన.

బైబిలు తన గురించి తాను ఏమంటోందో వినండి

సరైన ఉద్దేశం ఏమిటో మనం ఊహించుకోనవసరం లేదు, బైబిలే చెప్పింది. యోహాను తన సువార్త చివర్లో తాను ఎందుకు రాశాడో తేటగా పెట్టాడు: "యేసు దేవుని కుమారుడైన క్రీస్తు అని మీరు నమ్మునట్లును, నమ్మి ఆయన నామమందు జీవము పొందునట్లును ఇవి వ్రాయబడెను." అంటే మొదటి ఉద్దేశం ఆయనను ఎరగడం, నమ్మడం, ఆయనలో బతకడం.

రెండోది 2 తిమోతి 3:16, 17లో ఉంది. ప్రతి లేఖనమూ ఉపదేశించడానికీ, ఖండించడానికీ, తప్పుదిద్దడానికీ, "నీతియందు శిక్షచేయుటకును" ప్రయోజనకరమని పౌలు అంటాడు. ఇక్కడ "శిక్ష" అన్న మాట దగ్గర చాలామంది బెదురుతారు. దేవుడు కర్ర పట్టుకుని కూర్చున్నట్టు అనిపిస్తుంది. పాత తెలుగులో శిక్ష అంటే నేర్పడం, తర్ఫీదు ఇవ్వడం. శిక్షణ అన్న మాట అందులోంచే వచ్చింది. పౌలు వాడిన గ్రీకు మాటకు కూడా పిల్లవాణ్ణి పెంచి తీర్చిదిద్దడం అనే అర్థం. మరి దేనికి ఈ తర్ఫీదు? ప్రతి సత్కార్యానికీ సిద్ధపడి ఉండడానికి. వాక్యం మన తలలో ఆగిపోకుండా చేతుల్లోకి రావాలన్నమాట.

ఈ రెంటినీ కలిపి ఇలా చెప్పుకోవచ్చు: క్రీస్తును ఎరగడానికీ, ఆయన చేతిలో మారడానికీ చదువుతున్నాం. ఈ మాటను మీ బైబిలు మొదటి పేజీలో రాసి పెట్టుకోండి.

మారడం అంటే ఏమిటో చూడాలంటే ఒక తండ్రినీ కొడుకునూ పక్కపక్కన పెట్టి చూడండి. 2 రాజులు 22లో యోషీయా రాజు ఏలుబడిలో దేవాలయం బాగుచేస్తుండగా ధర్మశాస్త్ర గ్రంథం దొరుకుతుంది. రాజు దగ్గరి లేఖికుడు షాఫాను దాన్ని రాజు ముందు చదువుతాడు. వింటూనే యోషీయా తన బట్టలు చింపుకుంటాడు. "ఈ మాటలు మా గురించే" అని అతనికి అర్థమైంది. వెంటనే మనుషులను ప్రవక్త్రి హుల్దా దగ్గరికి పంపిస్తాడు. కొన్నేళ్ల తర్వాత అతని కొడుకు యెహోయాకీము సింహాసనం మీద ఉన్నాడు. యిర్మీయా 36లో ఆ దృశ్యం ఉంది. చలికాలం, రాజు ముందు కుంపటి మండుతోంది. యెహూది అనే అతను యిర్మీయా ప్రవచనాలున్న గ్రంథపు చుట్ట విప్పి చదువుతున్నాడు. మూడు నాలుగు పుటలు చదవగానే రాజు చాకుతో ఆ భాగం కోసి నిప్పుల్లో వేస్తాడు. మళ్లీ చదవడం, మళ్లీ కోయడం, మళ్లీ కాల్చడం, చుట్ట అయిపోయేదాకా అంతే. కాల్చవద్దని బతిమాలినవాళ్లలో షాఫాను కొడుకు గెమర్యా కూడా ఉన్నాడు. రాజు గానీ, ఆ మాటలు విన్న అతని సేవకులు గానీ భయపడలేదు, తమ బట్టలు చింపుకోలేదు అని లేఖనం ప్రత్యేకంగా చెబుతోంది.

తండ్రి వాక్యం విని బట్టలు చింపుకున్నాడు. కొడుకు బట్టలను కాపాడుకుని వాక్యాన్ని చింపాడు. గమనించండి, యెహోయాకీము కూడా చివరిదాకా విన్నాడు. పట్టిక ఉంటే అతనికీ టిక్కు పడేది. మనం కత్తి పట్టకపోవచ్చు. కానీ మనకు తగిలిన వచనం దగ్గర "ఇది ఆ కాలానికి", "ఇది ఫలానావాళ్లకు సరిగ్గా సరిపోతుంది" అనుకుంటూ ముందుకెళ్లిపోయినప్పుడు చేస్తున్నది ఆ పనే.

కూర్చున్నాక మొదటి నిమిషం

ప్రార్థనతో మొదలుపెట్టండి, పొడవైనది అక్కర్లేదు. 119వ కీర్తన 18వ వచనమే చాలు: "నేను నీ ధర్మశాస్త్రమునందు ఆశ్చర్యమైన సంగతులను చూచునట్లు నా కన్నులు తెరువుము." 176 వచనాల పాటు వాక్యాన్ని పొగిడిన మనిషి కూడా కళ్లు తెరవమని అడుక్కున్నాడు. తెలివితో అక్షరాలు అర్థమవుతాయి, హృదయంలో వెలుగు పుట్టేది పరిశుద్ధాత్మ వల్లనే. లేదా బాలుడైన సమూయేలులా "నీ దాసుడు ఆలకించుచున్నాడు" అనండి. ఆ మాట అన్నాక వచ్చే సందేశం ఏదైనా వినడానికి ఒప్పుకున్నట్టే. సమూయేలు ఆ రాత్రి విన్నది తీపి మాటేమీ కాదు, తనను పెంచిన యాజకుడు ఏలీ ఇంటి మీద తీర్పు.

ఫోను వేరే గదిలో ఉంచండి. ఫోనులోనే బైబిలు చదివేవాళ్లయితే నెట్టు ఆపేయండి.

ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత చదవాలి

ఒక పుస్తకం ఎంచుకుని మొదటి నుంచి చివరిదాకా వరసగా చదవండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే మార్కు సువార్త తీసుకోండి. 16 అధ్యాయాలే, కథనం పరుగు తీస్తుంది. ఒక సెలవు రోజున ఏకబిగిన బిగ్గరగా చదివితే దాదాపు గంటన్నరలో అయిపోతుంది. అలా ఒకసారి మొత్తం చదివి, మర్నాటి నుంచి కొంచెం కొంచెంగా మళ్లీ చదవండి. తర్వాత ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, ఆ తర్వాత ఆదికాండం, మధ్యమధ్య కీర్తనలు.

రోజుకు ఎంత? ఒక సంఘటన లేదా ఒక ఆలోచన పూర్తయ్యేంత. అధ్యాయం సంఖ్యలకు కట్టుబడిపోవద్దు. అవి మూలంలో లేవు. ఇప్పుడు వాడుతున్న అధ్యాయాల విభజన 13వ శతాబ్దం తొలినాళ్లలో స్టీఫెన్ లాంగ్టన్ చేసింది. కొత్త నిబంధనకు ఇప్పుడున్న వచనాల సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ ముద్రించిన ప్రతితో వచ్చాయి. వెతుక్కోవడానికి అవి ఎంతో మేలు చేశాయి, కానీ కొన్నిచోట్ల ఆలోచనను మధ్యలో తెంచుతాయి. శ్రమపడే సేవకుని గురించి యెషయా 53వ అధ్యాయం మనందరికీ కంఠస్థం. ఆ గీతం నిజానికి 52వ అధ్యాయం 13వ వచనంలో, "నా సేవకుడు" అన్న మాటతోనే మొదలవుతుంది. అక్కడి నుంచి చదివి చూడండి, ఆయన హెచ్చింపబడతాడన్న మాట ముందు వినబడి, తర్వాత ఆయన నలిగిపోవడం కనబడుతుంది.

గ్రాంథికం కష్టంగా ఉంటే వాడుక భాషలో ఉన్న అనువాదాన్ని పక్కన పెట్టుకోండి. పాత అనువాదం నోటికి పట్టడానికి బాగుంటుంది, కొత్తది అర్థం తేలడానికి. దేన్నీ చిన్నచూపు చూడనవసరం లేదు.

పెదవులు కదిలేలా చదవండి

"దివారాత్రము దానిని ధ్యానించువాడు ధన్యుడు" అన్న మొదటి కీర్తనలో ధ్యానించడానికి వాడిన హీబ్రూ మాట హాగా. కళ్లు మూసుకుని మౌనంగా ఉండడం కాదు దాని అర్థం, లోగొంతుకతో పలకడం. యెషయా 31:4లో సింహం తన వేట మీద నిలబడి చేసే గుర్రుమనే శబ్దానికీ, 38:14లో గువ్వ మూలుగుకూ అదే మాట. ఒక వచనాన్ని నోట్లో వేసుకుని, నెమ్మదిగా, మళ్లీ మళ్లీ పలుకుతూ ఉండడమే ధ్యానం. భాగమంతా ఒకసారి చదివి, మనసు ఆగిన వచనం దగ్గరికి తిరిగి వెళ్లి, ఐదారుసార్లు వినబడేలా చదవండి. ఒక్కోసారి ఒక్కో మాట మీద బరువు వేయండి. "యెహోవా నా కాపరి" అన్నప్పుడు ఒకసారి "యెహోవా" మీద, ఒకసారి "నా" మీద ఆగండి. ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది.

ప్రశ్నలు అడగండి, మొదటి ప్రశ్న మీ గురించి కాకూడదు

మనం సాధారణంగా "ఇందులో నాకేముంది?" అని మొదలుపెడతాం. ఆ ప్రశ్న తప్పు కాదు, కానీ దాని వంతు చివర వస్తుంది. ముందు "ఇక్కడ దేవుడు ఎలాంటివాడిగా కనబడుతున్నాడు?" అని అడగండి. తర్వాత "ఇక్కడి మనుషులు ఏం కోరుకుంటున్నారు, దేనికి భయపడుతున్నారు?" అని. ఆ తర్వాతే "ప్రభువా, నాతో ఏమంటున్నావు?" అని.

ఒక భాగం కలిసి చదువుదాం. మార్కు 10వ అధ్యాయం 32వ వచనం నుంచి చివరిదాకా తెరవండి.

ప్రభువు యెరూషలేముకు వెళ్లే దారిలో ఉన్నాడు. తనను చంపబోతున్నారని మూడోసారి చెప్పాడు. ఆ వెంటనే యాకోబు, యోహాను దగ్గరికొచ్చి, మేం అడిగింది చేయమంటారు. ఆయన "నేను మీకేమి చేయగోరుచున్నారు?" అని అడుగుతాడు. నీ మహిమలో ఒకరం నీ కుడివైపున, ఒకరం ఎడమవైపున కూర్చోవాలంటారు. కాసేపటికి యెరికో దగ్గర గుడ్డివాడైన బర్తిమయి కేకలు వేస్తాడు. జనం నోరు మూసుకోమని గద్దిస్తే ఇంకా గట్టిగా అరుస్తాడు. ప్రభువు ఆగుతాడు. చావు వైపు నడుస్తున్నవాడు ఒక బిచ్చగాడి కోసం ఆగాడు. ఇక్కడే ఒక రోజంతా ఉండిపోవచ్చు. ఆగి ఏమని అడిగాడో చూడండి: "నేను నీకేమి చేయగోరుచున్నావు?" ఇంతకుముందు శిష్యులను అడిగిన ప్రశ్నే! మార్కు ఈ రెండు సంఘటనలనూ దగ్గర దగ్గరగా పెట్టింది మనం రెండు జవాబులనూ పోల్చి చూడాలనేనని నాకనిపిస్తుంది. మూడేళ్లుగా వెంట ఉన్నవాళ్లు ఆసనం అడిగారు. కళ్లు లేనివాడు చూపు అడిగాడు.

ఇంకొంచెం దగ్గరగా చూద్దాం. మొదట్లో బర్తిమయి ఎక్కడున్నాడు? త్రోవ పక్కన కూర్చుని. చివర్లో ఎక్కడున్నాడు? చూపు పొంది, త్రోవలో ఆయన వెంట. కూర్చోవాలని అడిగినవాళ్లు శిష్యులు, కూర్చున్నచోటు నుంచి లేచి నడిచినవాడు బర్తిమయి. ఆ త్రోవ ఎటు పోతోంది? తర్వాతి అధ్యాయం తెరిస్తే యెరూషలేము, ఆపై సిలువ.

ఇప్పుడు మూడో ప్రశ్నకు రండి. ఈ ఉదయం బైబిలు తెరిచి కూర్చున్న మీతో ప్రభువు "నేను నీకేమి చేయగోరుచున్నావు?" అంటే ఏం చెబుతారు? మీ కాగితం మీద రాసుకున్న వాక్యానికి జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఇదంతా కనిపెట్టడానికి వ్యాఖ్యాన గ్రంథమేమీ అక్కర్లేకపోయింది. నెమ్మదిగా చదివాం, వెనక్కీ ముందుకూ చూశాం, అంతే.

ఎవరికి, ఎప్పుడు రాశారో చూడకుండా వచనాన్ని సొంతం చేసుకోవద్దు

యిర్మీయా 29:11 గోడల మీద, క్యాలెండర్ల మీద, గ్రీటింగ్ కార్డుల మీద కనబడుతుంది. సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావని దేవుడు చెప్పే మాట. ఉద్యోగం రావాలనో, పరీక్ష పాసవ్వాలనో దాన్ని పట్టుకుంటాం. ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి. అది బబులోనుకు చెరపట్టుకుపోయినవాళ్లకు యిర్మీయా పంపిన ఉత్తరం. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే అబద్ధ ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందని చెప్పాడు. దేవుడు మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణ క్షేమం కోసం ప్రార్థించండి, 70 సంవత్సరాలు పడుతుంది అన్నాడు. ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రాకుండానే కన్నుమూసి ఉంటారు. అయినా అది వాగ్దానమే. ఇది తెలిశాక ఆ వచనం చిన్నదైపోదు, ఇంకా లోతవుతుంది. నా ఇబ్బంది వచ్చే నెలలోపు తీరకపోయినా దేవుని ఉద్దేశం మంచిదే అని నమ్మగలుగుతాను.

"నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న ఫిలిప్పీయులకు 4:13 కూడా అంతే. బంధకాల్లో ఉన్న పౌలు రాసిన మాట. దానికి ముందున్న రెండు వచనాలు చదివితే "సమస్తము" అంటే ఏమిటో తెలుస్తుంది: ఆకలిలోనైనా, సమృద్ధిలోనైనా తృప్తిగా ఉండడం.

అలాగే ఏ రకం రచన చదువుతున్నారో గుర్తుంచుకోండి. సామెతలు సాధారణంగా జీవితం ఎలా నడుస్తుందో చెబుతాయి, ప్రతిసారీ అలాగే జరుగుతుందన్న హామీలు కావు. కీర్తనల్లో మనిషి దేవునికి చెప్పుకునే ఏడుపూ కోపమూ కూడా ఉంటాయి. చరిత్ర పుస్తకాలు జరిగింది చెబుతాయి, అందులో ప్రతి పనినీ దేవుడు మెచ్చుకున్నట్టు కాదు.

పాత నిబంధన దగ్గర ఆగిపోతే

ఏడాది ప్రణాళిక మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా లేవీయకాండం దగ్గర చతికిలపడతారు. ఒక దారం పట్టుకుని వెళ్లండి. లేవీయకాండం 19వ అధ్యాయంలో, కోత కోసేటప్పుడు పొలం అంచులు పూర్తిగా కోయవద్దు, పరిగె ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదిలేయండి అన్న ఆజ్ఞ ఉంది. చదువుతుంటే మనకెందుకీ పొలం సంగతి అనిపిస్తుంది. రూతు 2వ అధ్యాయానికి రండి. పరదేశి, విధవ, బీద అయిన రూతు పరిగె ఏరుకోవడానికి వెళ్లింది బోయజు పొలానికి. ఆ ఆజ్ఞకు లోబడిన మనిషి పొలంలో ఆమెకు తిండి దొరికింది, తర్వాత ఇల్లు దొరికింది. ఇప్పుడు మత్తయి 1:5 తెరవండి. యేసుక్రీస్తు వంశావళిలో బోయజు, రూతు పేర్లున్నాయి. పొలం అంచున వదిలేసిన నాలుగు వెన్నుల దగ్గర మొదలైన దారి బేత్లెహేము దాకా వచ్చింది. "నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమింపవలెను" అన్నది కూడా లేవీయకాండం అదే 19వ అధ్యాయంలోదే.

లూకా 24లో, ఎమ్మాయు అనే ఊరికి వెళ్లే దారిలో ప్రభువు ఇద్దరు శిష్యులకు చేసిందదే. మోషే మొదలుకొని సమస్త ప్రవక్తల లేఖనాల్లో తన గురించిన సంగతులు వివరించాడు. వాళ్ల హృదయం మండింది. అందుకే పాత నిబంధన చదివేటప్పుడు, ఇది క్రీస్తు వైపు ఎలా చూపిస్తోంది అని అడగడం మానకండి. ప్రతి గుడారపు మేకులోనూ ఏదో గూఢార్థం పిండమని మాత్రం కాదు. పుస్తకమంతా ఎటు నడుస్తోందో కనిపెడుతూ ఉంటే చాలు.

లేచే ముందు ఒక్క పని రాసుకోండి

వాక్యం విని దాని ప్రకారం ప్రవర్తించనివాణ్ణి యాకోబు తన పత్రికలో అద్దంలో ముఖం చూసుకుని, పక్కకు వెళ్లగానే తానెలా ఉన్నాడో మరచిపోయేవాడితో పోల్చాడు. దీనికి మందు చాలా మామూలుది. చదవడం అయ్యాక ఒక్క పని రాసుకోండి: ఎవరితో, ఎప్పుడు, ఏమిటి. "ఇంకా ప్రేమగా ఉండాలి" అని రాస్తే సాయంత్రానికి ఆవిరైపోతుంది.

ఒకసారి మత్తయి 5:23, 24 చదువుతున్నాను. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా సహోదరునికి నీమీద విరోధమేమైనా ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే వదిలి వెళ్లి ముందు సమాధానపడమన్న మాట. ఒక ముఖం కళ్ల ముందుకొచ్చింది. ఎనిమిది నెలలుగా మాటల్లేవు. తప్పులో సగం అతనిదే అని నాలో నేను వాదించుకున్నాను. కానీ వచనం "నీకు అతనిమీద" అనలేదు, "అతనికి నీమీద" అంది. నోటుబుక్కులో "ఈ రోజు ఏడింటికి ఫోను" అని రాసుకున్నాను. ఏడింటికి చేస్తే ఎత్తలేదు. మర్నాడు మళ్లీ చేశాను, ఎత్తాడు. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాం. ఆ రోజు చదివింది రెండే రెండు వచనాలు.

కొన్ని రోజులు చేయవలసిన పని ఏమీ ఉండదు, స్తుతించడమే ఉంటుంది. అప్పుడు అదే రాసుకోండి. బలవంతంగా ఒక ఆజ్ఞ పిండుకోవద్దు.

ఒంటరిగా మాత్రమే చదవకండి

అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతున్నాడు. "నీవు చదువునది గ్రహించుచున్నావా?" అని ఫిలిప్పు అడిగితే, ఎవరైనా దారి చూపకపోతే ఎలా గ్రహించగలను అంటాడు. కందాకే రాణి ధనాగారమంతటి మీదా అధికారి, అయినా నాకు తెలియదు అనడానికి వెనుకాడలేదు. అర్థం కాని చోటును గుర్తుపెట్టుకుని మీ సంఘ కాపరినో, అనుభవమున్న విశ్వాసినో అడగండి. అలాగని చెప్పిందల్లా తలూపి మింగేయకండి. బెరయ పట్టణంవాళ్లు పౌలు చెప్పిన మాటలనే ఆసక్తితో విని, అవి అలా ఉన్నాయో లేదో అని రోజూ లేఖనాలు పరిశోధించారు. వాళ్లను లేఖనం ఘనులంది.

వారానికి ఒకసారి ఇద్దరు ముగ్గురు కూర్చుని అదే భాగం చదివి, ఎవరికి ఏం కనబడిందో చెప్పుకోండి. పోయిన వారం రాసుకున్న పని చేశారా అని ఒకరినొకరు ప్రేమగా అడగండి. ఈ ఒక్క ప్రశ్న లేకపోతే ఆ కూడిక మెల్లగా జ్ఞానం చూపించుకునే చోటైపోతుంది.

ఎండిపోయిన రోజులు, తప్పిపోయిన రోజులు

చదువుతున్నా ఏమీ తగలని రోజులు వస్తాయి. వారాల తరబడి కూడా ఉంటాయి. అప్పుడు భాగాన్ని చిన్నది చేయండి గానీ మానకండి. కీర్తనల్లోంచి ఒకటి తీసుకుని దాన్నే మీ ప్రార్థనగా చదవండి. 13వ కీర్తన "ఎంతకాలము" అన్న ప్రశ్నను నాలుగుసార్లు అడుగుతుంది. మీకు మాటలు రానప్పుడు ఆ మాటలు అరువు తెచ్చుకోండి. పొద్దున చదివింది పొద్దున్నే పనిచేయాలని లేదు. ఎప్పుడో నాటుకున్న వచనం ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నప్పుడు గుర్తుకు రావచ్చు.

ఐదు రోజులు తప్పిపోతే ఆ ఐదు రోజుల అధ్యాయాలన్నీ ఒకే పూట పరుగెత్తి చదివి అప్పు తీర్చాలని చూడకండి. మీరు తీర్చాల్సిన అప్పేమీ అక్కడ లేదు. ఆగిన చోట గుర్తు ఉంటుంది కదా, అక్కడే తెరిచి, కళ్లు తెరవమని అడిగి, తర్వాతి వచనం చదవండి.